బుద్రి కాసిన కుండ

దాలయ్య గురువుకి ఒక అలవాటుండీది. ఎవులేటడిగినా నోటితో జవాబు సెప్పీవోడు కాదు, సేతికి పని సెప్పీవోడు. ఆత్మంటే ఏటి గురువుబాబూ అని ఒకడడిగితే, నీ పొలం గట్టు తెగిపోనాది, ముందు అది కట్టీసి రా అన్నాడంట. పాపమెలగ పోతాదని ఇంకొకడడిగితే, నువ్వు పోట్లాడుకున్న బావమరిది ఇంటికెల్లి ఒక పూట భోంచేసి రా అన్నాడంట. ఆడెల్లనేదు. పాపం ఆడి కాడే ఉండిపోనాది.

మన్యంలో పనసగొంది అని గుట్ట మీదూరు ఆయనది. కొండసీపుర్లు కట్టుకుని బతికీవోడు. పుష్యమాసంలో ఆ ఊర్లో పొద్దు పొడిసినట్టే గానీ పొద్దు కనబడదు. కుండ మీద మూత ఎట్టినట్టు మంచు ఊరి మీద కూకుంటాది. కోడిపుంజు గూడా ఒక్క కూత కూసి, నా పని అయిపోనాదని మళ్ళీ రెక్కలో తల దూర్సుకుంటాది.

ఆయన శిష్యుల్లో బుద్రి అని ఒక ఆడమనిసి. తత్వాలు బాగా పాడీది. సోళ్ళు, అదే రాగులు, కోతకొచ్చిన రోజుల్లో ఆవిడ మొగుడు సోమ్రా జొరమొచ్చి తొంగున్నాడు, లెగనేదు. అప్పట్నించి బుద్రి నోట పాట నేదు. ఇంట్లో ఒక మనిసి తగ్గితే ఇద్దరు మనుసులంత సలి వొచ్చి ఆ జాగాలో తొంగుంటాది. పడినోళ్ళకి తెలుస్తాది ఆ సంగతి. మిగతావోళ్ళకి సెప్పినా దుప్పటి కప్పుకోమంటారు.

ఒక పొద్దున్న బుద్రి వొచ్చి గురువు ముందర కూకుంది. సేతులు మోకాళ్ళ సందున దూర్సుకుని అడిగింది.

“గురువుబాబూ, పోయిన మనిసిని ఎంత దగ్గిర ఉంచుకోవాల? తలుసుకుంటే కాలిపోతన్నాను. మరిసిపోదామంటే గడ్డకట్టీసిపోతన్నాను. ఎక్కడ కూకోవాల నాను?”

దాలయ్య సీపురు ముడి పంటితో బిగించినాడు. పెద్దదినానికి కుండ పెట్టినావా అనడిగినాడు. పెట్టనేదంది బుద్రి. సెయ్యాడ్డం నేదంది.

“పోయి పెట్టు. పెట్టి, కాయి” అన్నాడు. ఇంకో సీపురుకి పుల్లలేరుకోవడం మొదలెట్టినాడు.

ఆ ఊరి కట్టుబాటు ఒకటుంది. సచ్చిపోయినోడిని పెద్దల్లో కలిపీ రోజుని పెద్దదినమంటారు. ఆ రోజు ఆడి ఆలి తన సేత్తో పెట్టిన సోళ్ళ కల్లు కుండ ఊరందరి ముందరా విప్పాల. మూత తియ్యగానే నురుగు పైకి రావాల. వొచ్చిందా, పోయినోడు నవ్వుకుంటా ఎల్లి పెద్దల బంతిలో కూకున్నట్టు. రానేదా, ఆ కుండ పారబోసీసి అన్నదమ్ముల ఇంటి కుండ తెచ్చి పోస్తారు. కలవడమైతే ఎలాగోలాగ కలుస్తాడు. గానీ ఆ మీదట ఏ పండక్కీ ఏ పెద్దల పూజకీ ఆడి పేరు మీద ఒక దొప్పడు కల్లు పొయ్యడానికి ఆలికి హక్కు నేదు. అన్నదమ్ముల ఇంటోళ్ళే పొయ్యాల. ఆవిడ దూరంగా నిలబడి సూడాల. బుద్రికి పిల్లల్నేరు. సోమ్రా పేరు మీద పొయ్యడానికి ఆవిడ రెండు సేతులు తప్పితే ఇంకేటీ నేవు.

సోమ్రా అన్న లచ్చన్న. లచ్చన్న పెళ్ళాం గురుబారి అప్పటికే తన కుండ సిద్ధం సేస్తన్నాది. సెడ్డ మనిసేం కాదు. తల్లి నేని సోమ్రాని సంకనేసుకుని పెంచింది ఆవిడే. నా సేత్తో గంజి తాగినోడికి నా సేత్తోనే పోసి పంపాలని ఆవిడకీ ఉంటాది కదా. గానీ ఆవిడ నోరుంది సూడండి, అది కొడవలి. గురువు కుండ కాయమన్నాడంట అని ఎవులో సెప్పగానే, గెడ్డ కాడ నీళ్ళకొచ్చిన ఆడోళ్ళందరి ముందరా అనీసింది.

“కాయని సెట్టు కుండనేటి కాస్తాదమ్మా?”

నవ్వినోళ్ళు నవ్వినారు. బుద్రి బిందె నిండకుండానే ఎత్తుకుని ఇంటికొచ్చీసింది.

మొలకట్టి ఎండబెట్టిన సోళ్ళు ఇంట్లో ఉన్నాయి. జొరం రాకముందు మొగుడూ పెళ్ళాం కలిసి ఎండబెట్టుకున్నవే. ఆటిలో కొన్ని తీసి దంచింది. పిండి ఉడకబెట్టి, సల్లారినాక, అడివి సెట్ల ఏళ్ళూ ఆకులూ నూరి సేసిన మందుబిళ్ళ నలిపి కలిపింది. ఆ మందే కల్లుకి పేనం. కుండలో పోసి నీళ్ళు సేర్చి అడ్డాకు మూత కట్టింది. మరి గురువు కాయమన్నాడు. బయట సూస్తే సలి ఎముకలు కొరుకుతంది. సలికాలంలో కుండకి కాక తగలకపోతే మందు నిద్దరోతాదని ఆ గుట్ట మీద ఎవులికి తెల్దు? కాయడమంటే కాగబెట్టడమే అనుకుంది బుద్రి. కుండని తెచ్చి పొయ్యికి ఆనించీసింది. మొద్దు మీద మొద్దు తోసింది. కుండ కడుపు మీద సెయ్యెడితే సుర్రుమంతంది. మర్నాటికల్లా కుండ బుసబుసా పొంగింది. బుద్రీ పొంగిపోనాది. మూత తీసి సూస్తే కల్లు కాదది, ముక్కు బద్దలైపోయీ పులుసు. దొడ్లో పందికి ఒక సట్టిలో పోస్తే, అది మూతెట్టి సూసి, నీకూ నాకూ ఏటి పగ అన్నట్టు బుద్రి మొకమేపు సూసింది.

మిగిలింది పట్టుకుని గురువు కాడికెల్లింది. ఆయన ఏలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

“కాయమన్నానమ్మీ” అన్నాడు. “కాల్సమన్నేదు.”

దారిలో వొస్తా ఆలోసించుకుంది. కాల్సడం కాదంటే మరి కాపలా కాయడమే కదా. సేను కాస్తాం, మంద కాస్తాం, అలగన్న మాట. రెండో కుండ పెట్టింది. ఈసారి పొయ్యికేసి తీసుకురానేదు. అటక కింద సీకటి మూలకి పెట్టి, కర్ర పట్టుకుని ఎదురుగా కూకుంది. పిల్లొస్తే తరిమింది. ఎలకొస్తే తరిమింది. గుడ్డు పెట్టుకోడానికి జాగా ఎతుక్కుంటా కోడిపెట్టొస్తే, దాంతోటి ఊరికే తగువేసుకుంది. పక్కింటి ముసల్దొచ్చి నిప్పు బొగ్గొకటిమ్మంటే గుమ్మంలోనే ఆపీసింది. పొయ్యి ఎలిగిస్తే మళ్ళీ పులిసిపోతాదేమోనని పొయ్యే మానీసింది. సల్లన్నం తిని, సల్ల నీళ్ళు తాగి, పళ్ళు టకటకలాడతంటే కుండకి కాపలా కాసింది. రెండు పొద్దులెల్లినాయి, మూడో పొద్దూ వొచ్చింది. కుండ మీద సెయ్యేస్తే గెడ్డలో బండ మీద సెయ్యేసినట్టుంది. ఒక బుడగ నేదు, ఒక సప్పుడు నేదు.

మళ్ళీ ఎత్తుకెల్లింది. దాలయ్య కుండకి సెవి ఆనించి ఇన్నాడు.

“తొంగున్నాది” అన్నాడు. “పోలీసోడు దొంగని కాసినట్టు కాసినావు. పిల్లి రానేదు, ఎలక రానేదు. సలొస్తంటే ఏ కర్ర తీసినావే?”

బుద్రికి కోపమొచ్చీసింది. గురువని గూడా సూడనేదు. కాగబెడితే కాల్సినావంటావు, కాపలా కాస్తే పోలీసోడంటావు, ఆ కాయడమేటో నోటితో ఒక్క ముక్క సెప్తే నీ సొమ్మేటైనా పోతాదా అని అడిగీసింది. దినం నెత్తి మీదికొచ్చీసిందనీ, ఇంట్లో ఉన్న సోళ్ళు ఇంకొక్క కుండకే వొస్తాయనీ, అదీ పోతే సోమ్రా పేరు తన సేతిలోంచి ఎలిపోతాదనీ సెప్పింది.

ఆయనంతా ఇన్నాడు.

“సాయంత్రం రా. సలి కాసుకుందాం” అన్నాడు.

సాయంత్రమెల్లింది. దాలయ్య వాకిట్లో నెగడేసున్నాది. ఊర్లో ముసలోళ్ళు నలుగురు దాని సుట్టూ కూకుని ఎవులి దగ్గు ఆళ్ళు దగ్గుతన్నారు. బుద్రీ కూకుంది. గురువేటైనా సెప్తాడని సూసింది. ఆయన సీపుర్లు కట్టుకుంటన్నాడు. మంట ఎగదన్నింది, బుద్రికి మొకం కాలింది, ఎనక్కి జరిగింది. మంట తగ్గింది, ముందుకి జరిగింది. మోకాళ్ళు ఎచ్చబడినాయి గానీ ఈపు కొంకర్లు పోతంటే, తిరిగి ఈపు మంటకి సూపించింది. కొత్త మొద్దేసినారు, మళ్ళీ ఎనక్కి జరిగింది. నిప్పులైనాయి, మళ్ళీ ముందుకొచ్చి సేతులు సాపింది. ఒక ముసలోడు పాత కోతి కథొకటి సెప్పినాడు. ఇంకో ముసలోడు అది కోతి కాదు ఎలుగన్నాడు. అంతే జరిగింది, ఇంకేటీ జరగనేదు. ఇంత దూరం పిలిసింది ఇందుకేటని బుద్రి లెగిసి కొంగు దులుపుకుంది. అప్పుడు దాలయ్య తలెత్తినాడు.

“ఇందాకట్నించి ముందుకీ ఎనక్కీ జరుగుతానే ఉన్నావు. ఎవులు జరగమన్నారు?”

“ఎవులంటారు? ఒళ్ళే సెప్పింది.”

“కుండకీ ఒళ్ళుంటాదే” అన్నాడాయన. “కాళ్ళు నేవు, అంతే.”

ఆ మాట పట్టుకుని బుద్రి ఇంటికొచ్చింది. దారంతా మెల్లగా నడిసింది, సేతిలో నిండు గిన్నె ఉన్నట్టు.

మూడో కుండ పెట్టింది. అడుగున సోళ్ళ పొట్టు పోసిన గంపలో దాన్ని కూకోబెట్టింది. పొయ్యికి ఆనించనేదు, మూలకి తోసీనేదు. తను ఎక్కడ కూకుంటే ఒంటికి ఇంపుగా ఉంటాదో, అక్కడ పెట్టింది. జొరమొచ్చిన పిల్ల కడుపు సూసినట్టు అరసేత్తో కుండ కడుపు సూసీది. ఎచ్చగుంటే గంప ఇటు లాగీది. నిప్పులు తగ్గితే అటు జరిపీది. కుండకి కాళ్ళు నేవు కదా, తన కాళ్ళే దాని కాళ్ళు. పగలంతా అలగ ఎల్లిపోనాది. గానీ తెల్లారగట్ల సలి అన్నిటికంటే మొండిది. ఆ ఏళకి పొయ్యీ సస్తాది, మనిసికీ కునుకు పడతాది. అప్పుడు కుండనెవులు జరుపుతారు? కప్పడానికి ఇంట్లో గోనె ముక్క గూడా నేదు.

వాసం మీద ఒక కంబళుంది. సోమ్రాది. శవంతోటి పంపీయమని అందరూ అన్నారు. ఎలకలు కొట్టీసినాయి, పారీసినానని బుద్రి అబద్దమాడి దాసీసింది. ఉతికీది కాదు, ఎండేసీది కాదు. ఎవులూ నేనప్పుడు దింపి అందులో మొకం దాసుకునీది. ఆడి సెమట వాసన, పొగాకు వాసన అందులో ఇంకా ఉన్నాయి. దాన్ని దింపింది. మడత ఇప్పింది, మళ్ళీ ఏసింది. ఈ కంబళి కుండకి సుడితే కల్లు వాసన కొట్టేస్తాది, ఆడి వాసన పోతాది. సుట్టకపోతే మందు నిద్దరోతాది, ఆడి పేరే పోతాది. సాలా సేపు కూకుంది అలగే. అప్పుడు కంబళిలో ఆకరి సారి మొకం పెట్టి, కడుపు నిండా పీల్సుకుని, కుండకి సుట్టీసింది. మెడ కాడ బిగించింది. సోమ్రాకి సలికాలంలో ఎలగ బిగించీదో అలగే. తన ఈపు కుండకి ఆనించి తొంగుంది.

కోడి కూసింది. బుద్రికి మెలకువొచ్చింది. పొయ్యిలో బూడిదే ఉంది. పెంకుల సందుల్లోంచి మంచు పొగలాగ ఇంట్లోకి దిగుతంది. మొకం రాయైపోనాది, కాళ్ళు రాళ్ళైపోనాయి. ఈపు మట్టుకి ఎచ్చగుంది.

సోమ్రా తొంగున్నాడనుకుంది. ఇన్నేళ్ళ అలవాటది, ఒళ్ళు అలాగే అనుకుంటాది. తిరిగి సూడనేదు. సూస్తే పోతాడని ఊపిరి బిగబట్టుకుని అలగే ఉంది. అప్పుడినబడింది ఎనకనించి. గుడగుడ, గుడగుడ. సిన్నపిల్ల కడుపులో పాలు కదిలినట్టు.

కుండ.

దిగ్గున లెగిసి సూసింది. కంబళి కింద ఆకు మూత ఊపిరి తీసినట్టు లెగుస్తంది, దిగుతంది. పొయ్యి ఆరిపోయి ఎంత సేపైనాదో ఏటో. ఆ ఎచ్చదనం పొయ్యిది కాదు, ఈపుదీ కాదు. కుండదే. మందు లెగిసి తన కాక తనే పుట్టించుకుంటన్నాది. తను కుండని కాసిందనుకుంది గానీ, తెల్లారగట్ల తనని కాసింది కుండే. బుద్రి నవ్వీసింది. ఒక్కర్తీ, సీకటింట్లో, పైకే నవ్వీసింది.

నవ్వు ఆగినాక అరసెయ్యెట్టి సూసింది. మొదటి కుండ గుర్తుకొచ్చింది. ఎచ్చదనం పెరుగుతంది. కంబళి ఇలాగే ఉంచీసినా ఇదీ పులుసైపోతాది. కప్పినప్పుడు కష్టమనుకుంది గానీ, తియ్యడం అంతకంటే కష్టమైనాది. ముడి ఇప్పి, మెల్లగా తీసింది. గుమ్మంలోకెల్లి దులిపింది. ముక్కు కాడ పెట్టుకుంటే కల్లు వాసన, బూడిద వాసన, పొట్టు వాసన. ఇంకేటీ నేదు. తరవాత కంబళిని తీసుకెల్లి, ఊరందరికీ కనబడీలాగ, కంచె మీద ఎండేసీసింది.

పెద్దదినం వొచ్చింది. వాకిలి అలికి ముగ్గెట్టి, ముగ్గు మధ్యని బుద్రి కుండ కూకోబెట్టినారు. కంచె వారని గురుబారి కుండుంది, కొత్త నారతో మూత కట్టి, నన్నెప్పుడు పిలుస్తారన్నట్టు. బంధువులొచ్చినారు, డప్పులోళ్ళొచ్చినారు. పూజారి పెద్దల పేర్లు వరస పెట్టి పిలిసి, ఆకర్న సోమ్రా పేరు పిలిసి, విప్పమ్మా అన్నాడు.

బుద్రి నార ముడిప్పింది. ఆకు తీసింది.

ఏటీ రానేదు. కుండ మూతి సీకటిగా ఉంది. జనమంతా మెడలు సాపినారు. గురుబారి సెయ్యి తన కుండ నార మీదికెల్లిపోనాది. బుద్రి కదల్నేదు. అరసెయ్యి తీసి కుండ కడుపు మీదేసింది. వొస్తన్నాడు, కంగారెందుకని సెప్పింది. ఎవులితో సెప్పిందో ఆవిడకే తెలియాల.

అప్పుడు లోపల్నించి ఒక్క గుటక సప్పుడైనాది. తెల్లగా నురుగు మెడ దాకా వొచ్చింది. మెడ దాటింది. కుండ బుజాల మీదిగా కారి, కడుపు మీదిగా కారి, ముగ్గు మీదికొచ్చి ముగ్గుతో కలిసిపోనాది. ఇంకా వొస్తానే ఉంది. డప్పులోడు ఎవులూ సెప్పకుండానే మొదలెట్టీసినాడు. ముసలోళ్ళు కర్రలు పారీసి లెగిసినారు. మొదటి దొప్ప బుద్రి తన సేత్తో ముంచి, సోమ్రా పేరు సెప్పి, నేల మీద పోసింది.

రెండో దొప్పకి సెయ్యి సాపింది గురుబారి. నిలబడే తాగింది, కడదాకా తాగింది. తాగి మళ్ళీ దొప్ప సాపింది.

“నా కుండ నాను మోసుకుపోతాను గానీ, ఇంకొంచెం పొయ్యే సెల్లీ” అంది. “మొండోడు మా మరిది. ఆలి కుండ కోసమే ఆగుంటాడు.” అని కళ్ళొత్తుకుంది. ఒత్తుకుంటానే బుద్రి సెయ్యి పట్టుకుని థింసా ఆట వరసలోకి లాగీసింది. డప్పు మీద డప్పు, అడుగు మీద అడుగు. బుద్రి గొంతు ఇప్పింది. ఇన్నాళ్ళకి. ఆ పాటకి గుట్ట కింద మంద కాసీవోళ్ళు గూడా ఆగి ఇన్నారంట. పొద్దెక్కి మంచు ఇడిపోనాది. ఊరి మీద మూత ఎవులో తీసీసినట్టైనాది.

ఆట ఆగినాక బుద్రి కంచె మీంచి కంబళి తెచ్చింది. గోడ వారని వొణుకుతన్న బావ లచ్చన్న బుజాల మీద కప్పింది. ఆ ముసలోడు తమ్ముడి కంబళి గుర్తుపట్టి, వొద్దమ్మా, ఉంచుకోమ్మా అంటన్నా ఇన్నేదు, మెడ కాడ బిగించీసింది. దొప్పడు కల్లు తీసుకుని గురువు కాడికెల్లింది. గురుబారి పక్కనే కూకుని ఆయాసం తీర్సుకుంటన్నాది.

ఆ రోజు నానొకటడిగినాను, నువ్వింకా జవాబు సెప్పనేదు గురువుబాబూ అంది బుద్రి.

దాలయ్య కల్లు మెల్లగా తాగినాడు. మీసాల నురుగు తుడుసుకున్నాడు. లచ్చన్న బుజాల మీద కంబళికేసి సూసినాడు. ముగ్గు మీద ఇంకా ఆరని నురుక్కేసి సూసినాడు. గురుబారి మొకమేపు ఒక్క సారి సూసినాడు, గెడ్డ కాడ తనన్న మాట గుర్తొచ్చి ఆవిడ తల దించుకుంది.

“కాయమన్నాను” అన్నాడు. “కాసింది.”